స్టాంపు ఊడదీయకుండా గ్రిల్ చూడటం ఎలా?

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి యోకొహామాకు వెళ్లిన ఒక పాత కవరు నా దగ్గరుంది. మీద వాషింగ్టన్ బొమ్మున్న ఆకుపచ్చ 10 సెంట్ల స్టాంపు, పక్కన 'చైనా అండ్ జపాన్ స్టీమ్ సర్వీస్' అన్న ముద్ర. పసిఫిక్ మెయిల్ కంపెనీ 'కొలరాడో' ఓడతో ఈ దారి మొదలైంది 1867 జనవరి 1న కాబట్టి అంతకు ముందుది కాదు. ఆ తర్వాత ఏ ఏడాదో మాత్రం తేలట్లేదు. తారీఖు ముద్రలో 3 ఒక్కటే కనిపిస్తోంది, నెల చెరిగిపోయింది, ఏడాది అసలు వేయలేదు, లోపల ఉత్తరం కూడా లేదు.

నెల తెలియకుండా అప్పటి పత్రికల్లో ఓడల రాకపోకలు వెతికితే ఏం లాభం, అయినా రెండు వారాలు వెతికాను. 10 సెంట్ల స్టాంపు మీద గ్రిల్, అంటే కాగితంలోకి నొక్కిన చిన్న చుక్కల గడి, 1868లో వచ్చింది. అది కనిపిస్తే కనీసం 1867 కాదని తేలుతుంది. టార్చి పక్కనుంచి వేసి 10 రెట్ల భూతద్దంతో చూశాను, 1200 డీపీఐలో స్కాన్ చేశాను. రద్దు ముద్ర సిరా సరిగ్గా మధ్యలో దట్టంగా ఉండటంతో ఏదీ తెలియట్లేదు. స్టాంపు తడిపి కాగితంలోని గుర్తులు చూడటానికి వాడే బెంజిన్ ద్రవం జోలికి మాత్రం, సిరా కరుగుతుందేమోనని పోలేదు.

స్టాంపును కవరు మీదే ఉంచి గ్రిల్ ఉందో లేదో ఖాయంగా తేల్చిన పద్ధతి మీలో ఎవరికైనా తెలుసా?