పదునైన బ్లేడా, స్మూత్‌గా సాగే బ్లేడా? డబుల్ ఎడ్జ్‌లో ఏది చూసుకోవాలి?

శేఖర్_ఉప్పల్:
అందరికీ నమస్తే. కార్ట్రిడ్జ్‌ల ఖర్చు ఎక్కువైపోతోందని రెండు వైపులా అంచుండే బ్లేడు (డబుల్ ఎడ్జ్) పెట్టే పాతకాలం స్టీల్ రేజర్‌కి మారాను, మెర్కూర్ 34సి. రకరకాల బ్లేడ్లున్న శాంపిల్ ప్యాక్ ఒకటి తెప్పించుకుని ఒక్కోటీ వాడి చూస్తున్నా. ఎక్కడ చదివినా ప్రతి బ్లేడుకీ రెండు మార్కులు వేస్తున్నారు, పదునుకి ఇన్ని, స్మూత్‌నెస్‌కి ఇన్ని అని. ఫెదర్‌కి పదును ఎక్కువ స్మూత్ తక్కువ అంటారు, డెర్బీకి దాన్నే తిరగేసి చెబుతారు, పచ్చ ప్యాకెట్ ఆస్ట్రాని రెండిటికీ మధ్యలో పెడతారు. నా మొహం మీద లెక్క ఇలా రావట్లేదు. ఫెదర్ పెట్టినప్పుడు బుగ్గల మీద అసలు బ్లేడు ఉందా లేదా అనిపించింది, గొంతు దగ్గర మాత్రం మంట. మెత్తటిదని పేరున్న ఇంకో బ్లేడు, పేరు వద్దులెండి, పై పెదవి దగ్గర వెంట్రుకను పట్టుకుని లాగింది, కళ్లలో నీళ్లొచ్చాయి, సాయంత్రానికి గడ్డం కింద ఎర్రటి పొక్కులు. పదును తక్కువున్నదే నన్ను ఎక్కువ ఏడిపించింది. ఇవి రెండూ వేర్వేరు గుణాలా, లేక ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుందా? నాది బిరుసు గడ్డం, చర్మం సున్నితం. తెలిసినవాళ్లు చెప్పండి, బ్లేడ్లని సరిగ్గా పోల్చాలంటే ఎలా?

లోహం_విశాఖ:
శేఖర్ గారూ, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాలన్న రూలేమీ లేదు. పదును అంటే కోయడానికి ఎంత బలం పట్టిందన్నది, దాన్ని కొలవచ్చు. ఒకే రకం సన్నటి తీగని బిగించి, బ్లేడుతో నొక్కి, ఎన్ని గ్రాముల దగ్గర తెగిందో చూస్తారు. ఎంత తక్కువ గ్రాములకి తెగితే అంత పదును. స్మూత్‌నెస్‌కి అలాంటి మీటరు లేదు, అది మీ చర్మం చెప్పాల్సిందే. అంచు ఎంత సమంగా ఉంది, పూత ఎలా ఉంది, మీ రేజర్ బ్లేడుని ఎంత గట్టిగా బిగించి పట్టుకుంది, అంచుని ఎంత బయటికి వదిలింది, ఇవన్నీ కలిసే ఆ మాట వస్తుంది. అందుకే ఇంకొకరి రేజర్‌లో, ఇంకొకరి మొహం మీద వేసిన స్మూత్‌నెస్ మార్కులు మీకు పెద్దగా పనికిరావు. పదును మార్కులు కొంతవరకు నమ్మొచ్చు.

లోపల సంగతి చెబుతా. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. గడ్డం వెంట్రుక కూడా ఇంచుమించు అంతే, బిరుసు గడ్డమైతే ఇంకా ఎక్కువ. కోసే కొన మాత్రం కొన్ని పదుల నానోమీటర్లే. దాదాపు 13 శాతం క్రోమియం ఉండే స్టెయిన్‌లెస్ స్టీలుకి అంచు తీసి, దానిమీద క్రోమియం, ప్లాటినం లాంటి వాటితో గట్టి పూత వేసి, అన్నిటికన్నా పైన పీటీఎఫ్ఈ వేస్తారు, నాన్‌స్టిక్ పెనం మీద ఉండేది అదే. జారుడు ఇచ్చేది ఈ పై పొర. ఇది లేకపోతే అదే అంచు అదే వెంట్రుకను కోయడానికి ఎక్కువ బలం కావాలి. అంటే స్మూత్‌గా సాగడానికి వేసిన పూతే పదునుకి కూడా సాయం చేస్తోంది. ఈ రెండూ ఒకే త్రాసులో చెరోవైపు ఉన్న తూకపు రాళ్లు కావు. కొత్త బ్లేడు మీద ఆ పొర కాస్త మందంగా ఉండి, మొదట్లో కొన్ని వెంట్రుకలు తెగేసరికి అంచు మీంచి వెనక్కి జరుగుతుంది. రెండో షేవ్ మొదటిదానికన్నా హాయిగా ఉందని చాలామంది అనేది అందుకే. కాబట్టి ఒక్క షేవ్ చూసి ఏ బ్లేడునీ పక్కన పెట్టకండి.

మీకు పొక్కులెందుకు వచ్చాయంటే, పదును చాలని అంచు వెంట్రుకను వెంటనే కోయలేదు, ముందు వంచి లాగుతుంది, దాంతోపాటు చర్మమూ లేస్తుంది. నున్నగా రాలేదని మనం అక్కడే మళ్లీ మళ్లీ గీస్తాం. ఇంకో విషయం, 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద షేవింగ్‌ని గమనించారు. వెంట్రుక స్టీలుకన్నా 50 రెట్లు మెత్తన, అయినా కొన్ని చోట్ల అంచు పెచ్చులు లేస్తోంది. వెంట్రుక నిటారుగా ఉండక వంగి, అంచుకి వాలుగా తగిలినప్పుడు అలా జరుగుతోందట. నానిన వెంట్రుక తేలిగ్గా తెగుతుంది కాబట్టి స్నానం అయ్యాక గీసుకోండి, లేదా రెండు మూడు నిమిషాలు వేడి నీళ్ల తువ్వాలు పెట్టుకోండి.

కత్తెర_సూర్యాపేట:
అన్నా, సెలూన్ నడిపేవాడిగా చెబుతున్నా. మేము బ్లేడుని కాగితంలోంచి తీయకుండానే మధ్యకి వంచి పుటుక్కున రెండు చేస్తాం, ఒక సగం ఒక మనిషికి, ఇంకో సగం ఇంకో మనిషికి. మనిషి మారితే సగం మారాల్సిందే, మీరు ఎక్కడ గీయించుకున్నా అది కళ్లారా చూశాకే కుర్చీలో వెనక్కి వాలండి. మా కత్తికి గార్డు ఉండదు, అంచంతా బయటే. అందులో మొద్దు బ్లేడు పెడితే మాకు తెలియకుండానే చెయ్యి బరువు పడుతుంది, బరువు పడితే గాటు పడుతుంది. అందుకే నేను ఎప్పుడూ పదునున్న బ్లేడే వాడతా, చెయ్యి మాత్రం తేలిగ్గా పెడతా.

మీ గొంతు మంటకి ఫెదర్‌ని తిట్టేముందు ఒకటి చూడండి. గడ్డం కాస్త పెరిగాక, పొడిగా ఉన్నప్పుడు గొంతు మీద వేలు నాలుగు వైపులా తిప్పండి. గరగరలాడితే అటు ఎదురు, నున్నగా పోతే అటు వాలు. కంఠమణికి ఒక పక్క వాలు కిందికి ఉంటే ఇంకో పక్క చెవివైపు ఉండొచ్చు, చాలామందికి ఇంతే. మొదటిసారి వాలుకి మాత్రమే గీయండి. రెండోసారికి మళ్లీ నురగ పెట్టి అడ్డంగా గీయండి. ఎదురు గీత గొంతు మీద అసలు వద్దు. కంఠమణి దగ్గర తోలుని వేళ్లతో పక్కకి లాగి, చదునుగా అయిన చోట గీయండి.

శేఖర్_ఉప్పల్:
ఇద్దరికీ చాలా థాంక్స్, వాలు సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఒక డౌటు మిగిలింది. పండక్కి రాజమండ్రి అత్తగారింటికి వెళ్లినప్పుడు ఇదే రేజర్, ఇదే సబ్బు, ఆ లాగే బ్లేడే పట్టుకెళ్లా. అక్కడ దాదాపు లాగలేదు, పొక్కులూ రాలేదు. ఇక్కడికి వచ్చాక మళ్లీ మామూలే. బ్లేడు ఒకటే కదా, ఇదెలా?

నురగ_కూకట్‌పల్లి:
మీ అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్లేనా? అయితే జవాబు అదే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, సబ్బు వాటితో కలిసి తెట్టు కడుతుంది. నురగ పొంగినట్టే కనిపిస్తుంది కానీ రెండో బుగ్గకి వచ్చేసరికి ఆరిపోతుంది, బ్లేడు పొడి చర్మం మీద నడుస్తుంది. గోదావరి నీళ్లలో ఆ ఉప్పులు అంత ఉండవు. ఇక్కడ సగం మంది బ్లేడుని తిట్టేది నీళ్ల పాపానికే అని నేను గట్టిగా నమ్ముతా. ఫిల్టర్ నీళ్లు ఒక గ్లాసు వెచ్చబెట్టి, బ్రష్ నానబెట్టడానికీ నురగ కలపడానికీ అవే వాడండి. మొహం కడుక్కోవడానికి బోరు నీళ్లు చాలు.

పోల్చడం అడిగారు కదా. రేజర్, సబ్బు, నీళ్లు, గడ్డం పెరిగిన రోజులు, ఏదీ మార్చకుండా బ్లేడు ఒక్కటే మార్చండి, ఒక్కో బ్లేడుకి కనీసం మూడు షేవ్‌లు ఇవ్వండి. పదును తెలియాలంటే పై పెదవి, చుబుకం దగ్గర మొదటి గీత చూడండి, అక్కడి వెంట్రుకలు ఒత్తుగా ఉంటాయి. స్మూత్‌నెస్‌కి పటిక వాడండి. షేవ్ అయ్యాక చల్లటి నీళ్లతో కడిగి, తడి మొహం మీద పటిక ముక్క రుద్దితే బ్లేడు ఎక్కడ తోలు గీకిందో అక్కడ చురుక్కుమంటుంది. కంటికి కనిపించనిది కూడా దానికి తెలుస్తుంది. బ్లేడు పేరు, ఎక్కడ చురుక్కుమందో ఒక చీటీ మీద రాసుకుంటే చాలు, మార్కులక్కర్లేదు.

34సి నెమ్మదైన రేజర్, అంటే అంచుని తక్కువే బయటికి వదులుతుంది, మీ బిరుసు గడ్డానికి అందులో ఫెదర్ బాగా కుదరాలి. అదే ఫెదర్‌ని మ్యూలే ఆర్41 లాంటి, అంచుని ఎక్కువ బయటికి వదిలే దూకుడు రేజర్‌లో, చెయ్యి కుదరకముందే పెట్టొద్దని ఎవరికైనా చెబుతా.

తాతగారి_రేజర్:
బాబూ, మా నాన్నగారు వాడిన బ్లేడుని గాజు గ్లాసు లోపలి గోడకి రుద్ది మళ్లీ వాడేవారు. అవి కార్బన్ స్టీలు బ్లేడ్లు, తడి తగిలితే తుప్పే. 1962లో విల్కిన్సన్ స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చాక మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. ఇప్పటి బ్లేడుని అలా రుద్దితే పూత పోవడం తప్ప లాభం లేదు. వాడేసిన బ్లేడ్లు మాత్రం కవర్లో చెత్తతో కలిపి పడేయకండి, చెత్త వేరుచేసే వాళ్ల చేతులు తెగుతాయి. పాత పౌడర్ డబ్బా మూతకి సన్నగా గాటు పెట్టి అందులో వేయండి, నిండాక టేపు చుట్టి, బ్లేడ్లు అని పైన రాసి విడిగా ఇవ్వండి.

శేఖర్_ఉప్పల్:
బోరు నీళ్లేనండీ. రేపే ఫిల్టర్ నీళ్లతో, ముందు ఆ లాగే బ్లేడుతోనే చూస్తా. పటిక కిరాణా కొట్లో దొరికింది. షేవ్ అయ్యాక బ్లేడు రేజర్‌లోంచి తీసి తుడవాలా?

లోహం_విశాఖ:
వద్దండీ. తువ్వాలుతో తుడిస్తే అంచూ పూతా రెండూ దెబ్బతింటాయి. రేజర్ తల కొంచెం వదులు చేసి నీళ్ల ధార కింద జాడించి, విదిలించి, గాలి తగిలేచోట పెట్టండి. ఎప్పుడు లాగడం మొదలుపెడితే అప్పుడు బ్లేడు మార్చేయండి.