నెలసరికి ముందు మా పాప వేరే మనిషైపోతోంది, ఎవరికి చూపించాలి?

మా పాపకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. నెలసరికి వారం ముందు నుంచి చిన్న మాటకే ఏడుపు. పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తూ కూర్చుంటుంది, "నేనెందుకూ పనికిరానమ్మా" అంటుంది. బ్లీడింగ్ మొదలైన ఒకట్రెండు రోజులకి మళ్లీ మామూలే.

నెలసరి ముందు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు పడిపోతాయని, ఆ హెచ్చుతగ్గులకి కొందరి మెదడు ఎక్కువగా స్పందిస్తుందని, తీవ్రమైతే పీఎండీడీ (ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్, అంటే నెలసరి ముందు మనసు బాగా కుంగిపోయే సమస్య) అంటారని చదివాను. నిర్ధారణకి కనీసం రెండు నెలసరుల పాటు రోజూ లక్షణాలు రాసిపెట్టాలట, మొదలుపెట్టాం. ఇంట్లో పెద్దవాళ్లు "వయసు పొగరు" అంటుంటే ప్రాణం ఉసూరుమంటోంది. అది పొగరు కానే కాదు.

ముందు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలా, సైకియాట్రిస్టు దగ్గరికా? ఈ వయసులో మందులు వాడినవాళ్లున్నారా? ఆ వారంలోనే పరీక్షలు పడితే స్కూల్లో ఏమని చెప్పారు?