ర్యాంకు వస్తే బండి కొంటానని పిల్లాడికి మాటివ్వడం తప్పా?

పటమట నాన్న:
మా వాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, ఊరి శివార్లో ఒక కాలేజీ హాస్టల్లో ఉంటున్నాడు. ఈఏపీసెట్‌లో పదివేల లోపు ర్యాంకు వస్తే బండి కొనిస్తానని దసరా సెలవుల్లో చెప్పాను. అప్పటి నుంచి కాస్త కుదురుగా కూర్చుంటున్నాడని వార్డెన్ కూడా అన్నాడు. మొన్న మా బావమరిది వచ్చి, "ఇది లంచం బావా, వాడి చదువు చెడగొడుతున్నావు" అని అందరి ముందూ అన్నాడు. మనసుకు కష్టంగా ఉంది. ఇందులో తప్పేముందో తెలిసినవాళ్లు చెప్పండి.

గుణదల కొండ:
అబ్బాయికి పద్దెనిమిది నిండాయా అండీ? గేర్ బండికి అంతకుముందు లైసెన్స్ ఇవ్వరు.

బ్రాడీపేట అమ్మ:
మీ బావమరిది అన్న తీరు బాగాలేదు గానీ, మాటలో నిజం ఉంది. 1973లో అమెరికాలో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు కలిసి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే సరదా ఉన్న పిల్లల్నే తీసుకున్నారు. బొమ్మ వేస్తే రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మిగతావాళ్లకు అసలు ఇవ్వలేదు. వారం రెండు వారాలు పోయాక అవే పెన్నులు క్లాసులో మామూలుగా పెట్టి చూశారు. ముందే ఆశ పెట్టిన పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావాళ్లు గడిపినదాంట్లో సగమే. చెప్పకుండా ఇచ్చినవాళ్లకు ఏ నష్టమూ లేదు. అంటే ఇబ్బంది సర్టిఫికెట్‌తో కాదు, "ఇది చేస్తేనే అది" అనే షరతుతో. మీరు పెట్టింది ఆ షరతే.

కెమిస్ట్రీ మాస్టారు, గవర్నర్‌పేట:
అమ్మా, అది నర్సరీ పిల్లల సంగతి. పైగా బొమ్మలంటే ముందే ఇష్టం ఉన్న పిల్లలు. ఇంటర్ కుర్రాడికి ఆర్గానిక్ కెమిస్ట్రీ రియాక్షన్లు నేర్పడం వేరు. లేని ఇష్టాన్ని బహుమతి ఎలా చెడగొడుతుంది? ఎడ్వర్డ్ డెసీ, కోస్ట్నర్, రయాన్ అనే మనస్తత్వవేత్తలు 1999లో ఇలాంటి 128 ప్రయోగాలను కలిపి లెక్క తీశారు. ఆసక్తి ఉన్న పనుల్లో షరతు పెట్టి ఇచ్చిన బహుమతి ఇష్టాన్ని తగ్గించింది నిజమే. విసుగు పుట్టించే పనుల్లో మాత్రం అలా జరగలేదు.

మన దగ్గరే, రాష్ట్రం విడిపోకముందు, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో అధ్యయనం చేశారు. పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చారు. రెండేళ్లలో లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కుల మధ్య ఉండే తేడాలను కొలిచే లెక్క) మేర ఆ బడుల పిల్లలు ముందుకెళ్లారు. 2011లో ప్రచురించారు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. డబ్బు మనసును పాడు చేసేదే అయితే అక్కడ ఎందుకు చేయలేదు?

బ్రాడీపేట అమ్మ:
అక్కడ డబ్బు ఇచ్చింది టీచర్లకు మాస్టారూ, పిల్లలకు కాదు. నర్సరీ పిల్లలు వద్దంటే కాలేజీ పిల్లల సంగతీ ఉంది. మీరు చెప్పిన డెసీయే 1971లో వాళ్ల మీద ఒక ప్రయోగం చేశాడు. సోమా అనే చెక్కముక్కల పజిల్, ఒక్కోటి పూర్తి చేస్తే ఒక డాలర్. డబ్బు ఆపేశాక, ఖాళీ సమయంలో ఆ పజిల్ మీద వాళ్లకున్న ఆసక్తి తగ్గింది.

కెమిస్ట్రీ మాస్టారు, గవర్నర్‌పేట:
పజిల్ కూడా సరదా పనే. నేను అడిగింది విసుగు పుట్టించే పని గురించి. దానికి మీరు జవాబు చెప్పలేదు.

మిర్చి యార్డ్ కుర్రాడు:
మా నాన్న టెన్త్‌లో సైకిల్ అన్నారు, కొన్నారు, నేను చదివాను. అంతే.

బ్రాడీపేట అమ్మ:
సరే, విసుగు పనే అనుకుందాం. రోలండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త అమెరికా నగరాల్లో పిల్లలకే డబ్బిచ్చి చూశాడు, 2011లో అచ్చయింది. డాలస్‌లో రెండో తరగతి పిల్లలకు, పుస్తకం చదివి చిన్న క్విజ్ పాసైతే 2 డాలర్లు. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకు డబ్బు. పుస్తకాలకు ఇచ్చిన చోట చదివింది అర్థం చేసుకోవడం పెరిగింది. మార్కులకు ఇచ్చిన చోట మార్కులు పెరగలేదు. కూర్చుని చదవడం పిల్లాడి చేతిలో పని, ర్యాంకు కాదు. పేపర్ ఎలా వస్తుందో, పక్కవాళ్లు ఎంత రాస్తారో వాడికేం తెలుసు?

కెమిస్ట్రీ మాస్టారు, గవర్నర్‌పేట:
అంటే డబ్బు పనిచేస్తుందని మీరే ఒప్పుకున్నారు.

బ్రాడీపేట అమ్మ:
ఒప్పుకోలేదు. దేనికి పెట్టాలో చెప్పాను. మా అన్నయ్యకు టెన్త్‌లో ఫస్ట్ క్లాస్ వస్తే వాచీ అన్నారు నాన్న. కొద్దిలో తప్పింది. వాచీ సంగతి అటుంచండి, ఆ వేసవంతా నాన్న అన్నయ్యతో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు అన్నయ్యకు యాభై దాటాయి. నాన్నకు ఫోన్ చేయాలంటే చేతిలో ఒక మంచి కబురు ఉందా అని ఇప్పటికీ చూసుకుంటాడు. పటమట నాన్న గారూ, ర్యాంకు పదిహేను వేలు వస్తే ఆ రోజు మీరు వాడితో ఏమంటారు?

గుణదల కొండ:
లైసెన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. పిల్లాడు రోడ్డెక్కితే కేసు తండ్రి మీదే.

కృష్ణలంక హాస్టల్:
నేను ప్రస్తుతం సెకండియర్. మా క్యాంపస్‌లో వీకెండ్ టెస్ట్ మార్కులు బట్టి సెక్షన్ మారుస్తారు. కింది సెక్షన్‌కు వస్తే లెక్చరర్లు కూడా మారిపోతారు, ఫ్రెండ్స్ మాట్లాడటం తగ్గిస్తారు. ఆదివారం పొద్దున ఎవరూ టిఫిన్ సరిగా తినరు. బండి ఆశతో చదివేవాడు అదృష్టవంతుడు సార్.

కెమిస్ట్రీ మాస్టారు, గవర్నర్‌పేట:
ఈ కుర్రాడు చెప్పిందే నా బాధ. హాస్టళ్లలో పిల్లల్ని నడిపేది భయం. యర్క్స్, డాడ్సన్ 1908లో ఎలుకల మీద చూశారు. తేలిక పనైతే గట్టి షాక్ ఇచ్చినా త్వరగా నేర్చుకున్నాయి, కష్టమైన పనిలో షాక్ పెరిగేకొద్దీ వెనకబడ్డాయి. ఫిజిక్స్ ప్రాబ్లమ్ తేలిక పని కాదు. ఒళ్లంతా టెన్షన్‌తో కూర్చున్న పిల్లాడికి రెండో స్టెప్ కనపడదు, ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఆ భయం కన్నా బండి ఆశ వెయ్యి రెట్లు నయం.

పటమట నాన్న:
అమ్మా, మీరడిగినదానికి చెబుతున్నాను. ర్యాంకు రాకపోతే ఏముంది, ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో వేసి మళ్లీ రాయిస్తాం. కాలేజీ వాళ్లతో మాట్లాడి ఉంచాను.

బ్రాడీపేట అమ్మ:
ఆ సంగతి వాడికి తెలుసా? ఎంపీసీ తీసుకునేటప్పుడు వాణ్ని అడిగారా?

పటమట నాన్న:
పదిహేనేళ్లవాడికి ఏం తెలుస్తుంది? వాడు సీఈసీ అన్నాడు, ఫ్రెండ్స్ వెళ్తున్నారని. పెద్దవాళ్లం మేం ఆలోచించాం.

బ్రాడీపేట అమ్మ:
ఇన్ని పోస్టుల తర్వాత ఇప్పుడు బయటపడింది. వద్దన్న కోర్సులో వేసి, వెనకాల లాంగ్‌టర్మ్ సిద్ధం చేసి, ముందు బండి చూపిస్తున్నారు. అది బహుమతి కాదు, వాడి నోరు మూయించే ధర. నా మొత్తం వాదన దీని గురించే.

కెమిస్ట్రీ మాస్టారు, గవర్నర్‌పేట:
మేడమ్, కాస్త ఆగండి. ఇష్టమైనది చదవనివ్వాలి అనే మాట తిండికి లోటు లేని ఇళ్లలో పుడుతుంది. మాది సత్తెనపల్లి వైపు. అమ్మా నాన్నా మిరప కోతలకు వెళ్లేవాళ్లు, సెలవుల్లో నేనూ వెళ్లేవాణ్ని. కళ్లు, చేతులు రాత్రంతా మండేవి. చదివితే ఈ చేలోకి రానక్కర్లేదు అన్నాడు నాన్న. అది షరతే. ఆ షరతుతోనే చదివాను. కెమిస్ట్రీ మీద ఇష్టం తర్వాత, గుంటూరు ఏసీ కాలేజీలో, లెక్కలు తెగడం మొదలయ్యాక వచ్చింది. మా నాన్న నన్నేమీ అడగలేదు. అడగలేదని నాకు కోపం లేదు. మీలాంటివాళ్లు అలాంటి తండ్రుల్ని దోషుల్లా చూస్తే మాత్రం నాకు కోపం వస్తుంది.

మిర్చి యార్డ్ కుర్రాడు:
మాస్టారు చెప్పింది మా ఇంటి మాట కూడా.

బ్రాడీపేట అమ్మ:
మీ నాన్నగారిని నేనేమీ అనలేదు మాస్టారూ. ఆయన చూపించింది బయటపడే దారి. ఎందుకు చదవాలో మీకు కళ్ల ముందే ఉంది, దాన్ని మీరు మీ సొంతం చేసుకున్నారు. డెసీ, రయాన్ చెప్పేదీ అదే. బయటి నుంచి వచ్చిన కారణమైనా మనసు ఒప్పుకుంటే అది మనదే అవుతుంది. దానికి కాస్త స్వేచ్ఛ, చేయగలననే నమ్మకం, మనవాళ్ల తోడు కావాలన్నారు. ఈ అబ్బాయికి ఎందుకో ఎవరూ చెప్పలేదు, బండి పేరు మాత్రం చెప్పారు.

కెమిస్ట్రీ మాస్టారు, గవర్నర్‌పేట:
ఎందుకో చెబితే వినే వయసు కాదది. ముందు కూర్చోవాలి, నాలుగు లెక్కలు రావాలి, అప్పుడు చెవికెక్కుతుంది.

కృష్ణలంక హాస్టల్:
వింటాం సార్. చెప్పేవాళ్లు లేరు.

పటమట నాన్న:
ఆదివారం ఔటింగ్ ఉంది, వాణ్ని ఇంటికి తీసుకొస్తున్నాను. లాంగ్‌టర్మ్ సంగతి చెప్పి వాడేమంటాడో వింటాను. బండి మాట మాత్రం వెనక్కి తీసుకోను, తండ్రిగా ఇచ్చిన మాట.

బ్రాడీపేట అమ్మ:
తీసుకోవద్దు. పద్దెనిమిది నిండాక కొంటానని చెప్పండి, ర్యాంకు ఊసు లేకుండా.

కెమిస్ట్రీ మాస్టారు, గవర్నర్‌పేట:
ఆ ఊసు తీసేస్తే పరీక్ష దాకా పుస్తకం పట్టడు. రోజూ ఇన్ని లెక్కలని పెట్టి, దానికి బండి ముడిపెట్టండి. మీ డాలస్ లెక్కే కదమ్మా ఇది?

బ్రాడీపేట అమ్మ:
ఆ లెక్కల సంఖ్య వాణ్నే చెప్పనిస్తే, సరే.