నెలలు నిండని పాపకు కంటి పరీక్ష: బాధ తగ్గించే దారి ఉందా?

మా పాప 28 వారాలకే పుట్టింది. రెటీనా దెబ్బతింటోందేమో చూడాలని నాలుగు వారాలు నిండగానే కంటి పరీక్ష చేశారు. చుక్కలు వేసి, రెప్పలు మూసుకోకుండా క్లిప్పు పెట్టి, చిన్న పరికరంతో కనుగుడ్డును నొక్కి చూశారు. మత్తు చుక్కలు వేసినా గుక్కపట్టి ఏడ్చింది. ఆ రాత్రి రెండుసార్లు ఊపిరి ఆగి, గుండె వేగం పడిపోయి అలారం మోగింది. నా గుండె ఆగినంత పనైంది.

పరీక్ష మానిపించాలని కాదు, చూపు కన్నా ఏడుపు పెద్దది కాదు. కానీ రెండు వారాల్లో మళ్లీ చేయాలట! గుడ్డలో ఒద్దికగా చుట్టడం, నాలుక మీద చక్కెర నీటి చుక్కలు (నర్సులు ఇచ్చేవే, ఇంట్లో కలిపినవి కాదు), చేతితో తల పట్టుకుని ఉండటం... వీటిలో మీ బిడ్డకు ఏది పనిచేసింది? కెమెరాతో ఫొటోలు తీసే పద్ధతిలో బాధ తక్కువా? పరీక్ష తర్వాత ఎంతసేపు మానిటర్ మీద ఉంచమని అడగాలి?