ఆర్వో యంత్రంలో వృథా నీరు తగ్గించడానికి ఎఫ్ఆర్ మార్చవచ్చా?

ప్రశ్న

మా ఇంటి ఆర్వో యంత్రం నుండి నీరు వృథాగా పోతోందని ఎప్పటి నుండో అనుకుంటున్నాను గాని, కొలిచి చూసింది నిన్ననే. ఐదు నిమిషాలలో తాగే నీరు 700 మిల్లీలీటర్లు రాగా, వృథా గొట్టం నుండి 2.1 లీటర్లు బకెట్టులో పడ్డాయి. అంటే ఒక వంతు నిలిస్తే మూడు వంతులు పోతున్నాయి. కుళాయి నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) 450, శుద్ధి అయిన నీటిది 40. నీటిని శుద్ధి చేసే పొర, అంటే మెంబ్రేన్, 75 జీపీడీది. వృథా గొట్టంలోని ఎఫ్ఆర్ అనే చిన్న ముక్క మీద 450 అని అచ్చయి ఉంది. దాన్ని తీసి తక్కువ అంకె ఉన్నది వేస్తే వృథా తగ్గుతుందని తెలిసినవారొకరు చెప్పారు. అది నిజమేనా? నిజమైతే మెంబ్రేన్‌కు హాని కలగకుండా ఎంతవరకు తగ్గించవచ్చు?

జవాబు 1

నిజమే. ఎఫ్ఆర్ అంటే ఫ్లో రెస్ట్రిక్టర్, లోపల సన్నని దారి ఉన్న చిన్న ముక్క. దాని మీది అంకె నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల నీటిని అది వదులుతుందో సుమారుగా చెబుతుంది. మీ కొలతలో వృథా నిమిషానికి 420 వచ్చింది కాబట్టి ఎఫ్ఆర్ తన పని సరిగానే చేస్తోంది.

నాకు అనుమానం కలిగించింది మరొక అంకె. 75 జీపీడీ అంటే రోజుకు 75 గ్యాలన్లు, అంటే దాదాపు 284 లీటర్లు. నిమిషానికి 197 మిల్లీలీటర్లు. మీకు వస్తున్నది 140. తయారీదారు అంకె నిర్ణీత ఒత్తిడి, 25 డిగ్రీల నీటికి చెప్పినది. నీరు ఒక్కో డిగ్రీ చల్లబడిన కొద్దీ దిగుబడి సుమారు 3 శాతం పడిపోతుంది కనుక కొంత తేడా సహజమే. అయినా ఇంత తేడా ఉన్నప్పుడు మట్టిని, మడ్డిని ఆపే సెడిమెంట్ ఫిల్టర్ పూడుకుపోయి పంపుకు నీరు చాలకపోవడమో, మెంబ్రేన్ పాతబడడమో జరిగి ఉండవచ్చు. తాగే నీరు తగ్గి వృథా అంతే ఉంటే నిష్పత్తి దానంతట అదే చెడిపోతుంది. అందువల్ల ముందు ఫిల్టర్ మార్చి, మళ్లీ కొలిచి, ఆ తరువాతనే ఎఫ్ఆర్ జోలికి వెళ్లండి.

ఇక హాని విషయం. మెంబ్రేన్ ఆపిన లవణాలన్నీ వృథా నీటితోనే బయటికి పోవాలి. ఇప్పుడు నాలుగో వంతు నీటిని తీసుకుంటున్నారు కనుక వృథా నీటి టీడీఎస్ 590 దాకా ఉంటుంది. సగం తీసుకుంటే అది 860కి చేరుతుంది; ముప్పాతిక తీసుకుంటే 1,600 దాటుతుంది. ఆ చిక్కదనంలో సున్నం మెంబ్రేన్ మీద గార కడుతుంది. మీరు నీళ్లు కాచే గిన్నెలో తెల్లని పొర త్వరగా పేరుకుంటుంటే మీ నీటిలో కాఠిన్యం ఎక్కువని అర్థం, అప్పుడు సగానికి దగ్గరగా కూడా వెళ్లకండి. లేకపోతే 300 ఎఫ్ఆర్ వేసి చూడవచ్చు. వృథా గొట్టాన్ని పూర్తిగా మూసే ప్రయోగం మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు.

జవాబు 2

ఎఫ్ఆర్ తగ్గిస్తే మెంబ్రేన్ ఉపరితలాన్ని కడుగుతూ పోయే ప్రవాహం కూడా తగ్గుతుంది. నాకు నచ్చిన మార్గం వృథాలో కొంత భాగాన్ని తిరిగి పంపు లోపలి వైపుకు చేర్చడం. మీ 420లో 200 వెనక్కి పంపి 220 మాత్రమే బయటికి వదిలితే, మెంబ్రేన్ మీద ప్రవాహం తగ్గకుండానే వృథా దాదాపు సగమవుతుంది. దానికి మూల్యం, మెంబ్రేన్‌లోకి వెళ్లే నీటి టీడీఎస్ 450 నుండి 540 దాకా పెరగడం, దానితో పాటు తాగే నీటి టీడీఎస్ కూడా కొంత పెరగడం.

ఇందులో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. వెనక్కి వెళ్లే గొట్టాన్ని ఎఫ్ఆర్ తరువాత కలిపితే, అక్కడ ఒత్తిడి లేదు కనుక, కుళాయి నీరే ఆ దారిలో ఎదురు నడిచి కాలువలో పడుతుంది. గొట్టాన్ని ఎఫ్ఆర్‌కు ముందు నుండి తీసి, ప్రవాహాన్ని సర్దే నీడిల్ వాల్వుతోనూ, నీటిని ఒకే దిక్కుకు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వుతోనూ పంపుకు ముందు, యంత్రం ఆగినప్పుడు నీటిని ఆపే సోలెనాయిడ్ వాల్వుకు తరువాత కలపాలి. రెండు దారులు ఏర్పడ్డాయి కాబట్టి కాలువ వైపు ఎఫ్ఆర్‌ను కూడా తగ్గించాలి, లేకపోతే ఒత్తిడి పడిపోయి తాగే నీరు తగ్గుతుంది.

జవాబు 3

పై పద్ధతిలో తప్పు లేదు గాని, కొత్త అతుకు ప్రతిదీ కారే అవకాశమున్న చోటే. పైగా వారంటీ ఉన్న యంత్రమైతే దాన్ని వదులుకోవలసి రావచ్చు. వీటన్నిటికన్నా ముందు, ట్యాంకు నిండి పంపు ఆగిన తరువాత వృథా గొట్టం కింద గిన్నె పెట్టి అరగంట చూడండి. సోలెనాయిడ్ వాల్వు సరిగా మూసుకోకపోతే నీరు రాత్రంతా సన్నగా పోతూనే ఉంటుంది, ఎవరి లెక్కలోకీ రాదు. మిగిలిన వృథాను బకెట్టులో పట్టుకుంటే నేల తుడవడానికి, మరుగుదొడ్డికి సరిపోతుంది. మొక్కలకు మాత్రం రోజూ అదే పోయకుండా మామూలు నీటితో మార్చి మార్చి పోయండి, కుండీల మట్టిలో ఉప్పు చేరుతుంది.

ప్రశ్న అడిగినవారి నుండి

అందరికీ ధన్యవాదాలు. పంపు ఆగాక చుక్క కూడా పడలేదు. సెడిమెంట్ ఫిల్టర్ మాత్రం విప్పితే బురద ముద్దలా ఉంది. అది మార్చగానే ఐదు నిమిషాలకు తాగే నీరు 850 మిల్లీలీటర్లకు పెరిగింది. ఆ తరువాత 300 ఎఫ్ఆర్ వేశాను. ఇప్పుడు తాగే నీరు 900 మిల్లీలీటర్లు, వృథా ఒకటిన్నర లీటరు, తాగే నీటి టీడీఎస్ 44. మా గిన్నెలలో తెల్లని పొర కొద్దిగా కడుతుంది కనుక ఇంతకన్నా తగ్గించడం లేదు. నెలకొకసారి ఇదే బకెట్టుతో కొలిచి, తాగే నీరు 800 కన్నా తక్కువకు పడిపోతే పాత ఎఫ్ఆర్ తిరిగి వేద్దామని దాన్ని దాచి ఉంచాను.