షిఫ్ట్ కష్టంగా ఉన్నా నార్మలైజేషన్‌లో మార్కులు తగ్గాయి, ఎందుకు?

చెల్లికోసం:
మా చెల్లి ఇంజినీరింగ్ ఎంట్రన్స్ మధ్యాహ్నం షిఫ్ట్‌లో రాసింది. ఫిజిక్స్ చుక్కలు చూపించిందని ఆ రోజే ఏడ్చింది. కీ చూసుకుంటే 84, నార్మలైజేషన్ (ఒక్కో షిఫ్ట్‌కి ఒక్కో పేపర్ కాబట్టి మార్కులను సమం చేసే లెక్క) తర్వాత రిజల్ట్‌లో 81 చిల్లర. కష్టమైన పేపర్‌కి మార్కులు కలుస్తాయని అందరూ అన్నారు కదా, మరి తగ్గడమేంటి? ఇంట్లో ఒకటే టెన్షన్.

లెక్కలమాస్టారు:
తమ్ముడూ, కష్టమో సులువో పేపర్ చూసి తేల్చరు, ఆ షిఫ్ట్ వాళ్లకు వచ్చిన మార్కులను బట్టి తేలుతుంది. ఈఏపీసెట్‌లో, గేట్‌లో చూసేవి రెండు: సగటుకు స్టాండర్డ్ డీవియేషన్ (మార్కులు సగటు చుట్టూ ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే అంకె) కలిపిన అంకె, పైనున్న 0.1 శాతం మంది సగటు. మీ షిఫ్ట్‌లో అవి 62, 145 అనుకో, అన్ని షిఫ్టులూ కలిపితే 60, 140 అనుకో. 84లోంచి 62 తీస్తే 22, దాన్ని 80/83తో (140లోంచి 60 తీస్తే 80, 145లోంచి 62 తీస్తే 83) గుణించి 60 కలిపితే 81.2. ఫిజిక్స్ ఏడిపించినా మిగతావాళ్లు మ్యాథ్స్‌లో లాగేసి ఉంటారు.

గుంటూరుఅక్క:
మాస్టారూ, లెక్క సరే. కానీ అన్ని షిఫ్టుల్లోనూ ఒకే స్థాయి పిల్లలు పడ్డారన్న నమ్మకం మీదే అదంతా నిలబడింది కదండీ. ఒక షిఫ్ట్‌లో బాగా చదివేవాళ్లు ఎక్కువ పడితే వాళ్ల కష్టం కాస్తా పేపర్ సులువు కింద జమ అయిపోతుంది. పైగా 20,000 మందిలో 0.1 శాతం అంటే 20 మంది, 3,000 మందే ఉంటే ముగ్గురు, ఆ ముగ్గురిలో ఒకరికి జ్వరమొచ్చినా షిఫ్ట్ అందరి మార్కులూ కదులుతాయి. జేఈఈ మెయిన్‌లో పర్సంటైల్ (షిఫ్ట్‌లో ఎంత శాతం మంది నీతో సమానంగానో, నీకన్నా తక్కువగానో ఉన్నారన్న అంకె) ఏడు దశాంశ స్థానాల దాకా ఇచ్చినా ఈ చిక్కు పోదు.

ప్రశ్నలబ్యాంకు:
దీనికి మందు ఉమ్మడి ప్రశ్నలే. కొన్ని ప్రశ్నలు రెండు పేపర్లలోనూ పెడితే పిల్లల తేడా ఎంతో, పేపర్ తేడా ఎంతో విడిగా తెలుస్తుంది, అమెరికా కాలేజీ ఎంట్రన్స్ శాట్ లాంటి పరీక్షల్లో ఏళ్ల తరబడి చేసింది ఇదే. మన దగ్గర పేపర్, కీ బయట పెట్టి అబ్జెక్షన్లు తీసుకుంటారు, అది ఉండాల్సిందే, లేకపోతే తప్పు కీ ఎవరు పట్టుకుంటారు? కానీ బయటకొచ్చిన ప్రశ్న మళ్లీ పనికిరాదు. దాచినా సాయంత్రానికల్లా టెలిగ్రామ్‌లో ఉంటుంది.

హౌస్‌సర్జన్:
అందుకే ఒకే షిఫ్ట్ పెట్టాలి. సుప్రీంకోర్టు చెప్పాక మా డాక్టర్ల పీజీ ఎంట్రన్స్ నీట్ పీజీ 2025 అలాగే జరిగింది.

ప్రశ్నలబ్యాంకు:
జరిగింది, కానీ సరిపడా సెంటర్ల కోసం జూన్ 15 నుంచి ఆగస్టు 3కి జరపాల్సి వచ్చింది. జేఈఈ మెయిన్ రాసేది పది లక్షలకు పైనే, అన్ని కంప్యూటర్లు ఒకే పూట ఎక్కడ తెస్తాం?

చెల్లికోసం:
కనీసం షిఫ్ట్‌లవారీ సగటు, ఆ పై 0.1 శాతం అంకె ర్యాంక్ కార్డు మీదే వేయాలి. మాస్టారు చేసిన లెక్క చెల్లికి చూపించాను, మూడు మార్కులు ఎక్కడికి పోయి ఉంటాయో అర్థమయ్యాకే అన్నం తింది.