తెలుగు ప్యాచ్ దాదాపు రెడీ: అడిగి పెట్టాలా, అడగకుండా పెట్టేయాలా?

ఒత్తు_పొల్లు

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఒక ఇండీ గేమ్‌ని, అంటే చిన్న టీమ్ సొంతంగా చేసిన గేమ్‌ని, తెలుగులోకి తెస్తున్నాను. ప్యాచ్ అంటే ఆ గేమ్ మీద వేసుకుంటే మాటలు తెలుగులో కనిపించే ఫైల్. పేరు ఇప్పుడే చెప్పను, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది. 2డి గేమే, కానీ మొత్తం మాటల మీదే నడుస్తుంది. మా చెల్లి తెలుగు మీడియం, డైలాగ్ వచ్చిన ప్రతిసారీ ఆగి నా వైపు చూసేది, నేను పక్కన కూర్చుని చదివి చెప్పేవాడిని. ఒకరోజు నేను ఇంట్లో లేనప్పుడు ఆడి, అందులో ముసలావిడ చనిపోయే ముందు ఏం చెప్పిందో అర్థం కాక నాకు ఫోన్ చేసింది. ఆ రాత్రే మొదలుపెట్టాను.

అనువాదం కన్నా అక్షరాలే ఎక్కువ ఏడిపించాయి. ఈ గేమ్‌కి అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడం తప్ప ఇంకేం రాదు. ‘స్త్రీ’ అని రాస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అన్నీ విడివిడిగా వరుసలో నిలబడ్డాయి. చివరికి స్క్రిప్టులో వచ్చే ప్రతి కూర్పునీ, క, కా, క్క, క్ర, క్ష్మి ఇలా, ఒక్కో బొమ్మగా గీసి ఫాంట్ షీట్‌లో పెట్టాను. 1,100 దాటాయి. పైగా మనకి ఒత్తులు కిందికి దిగుతాయి కదా, ఇంగ్లీషులో మూడు వరుసలు పట్టే డైలాగ్ పెట్టెలో తెలుగు రెండే పడుతుంది, కాబట్టి ప్రతి మాటా కుదించి మళ్ళీ రాయాల్సి వచ్చింది.

చెల్లి మొన్న మొత్తం ఆడేసింది. ముసలావిడ దగ్గర ఏడ్చేసింది. ఇప్పుడు అందరికీ ఇవ్వాలని ఉంది. డెవలపర్‌కి మెయిల్ పెట్టి అడిగితే వద్దంటారేమో, వద్దన్నాక పెడితే తెలిసి తప్పు చేసినట్టు. అడగకుండా పెడితే ఏ క్షణాన నోటీసు వస్తుందో అని టెన్షన్. ఇలాంటివి చేసినవాళ్ళూ, వీటిని వ్యతిరేకించేవాళ్ళూ ఇద్దరూ చెప్పండి.

పాత_క్యాసెట్

తమ్ముడూ, అడగొద్దు. పెట్టేసెయ్. 1,100 బొమ్మలు గీశావంటే ముందు నీకు దండం పెట్టాలి.

అడిగితే ఏమవుతుందో చెప్తాను. కంపెనీలో నీ మెయిల్ చదివే మనిషికి సరే అనే అధికారం ఉండదు, వద్దనడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. అందుకే వద్దంటారు. మదర్ 3 సంగతి చూడు. 2006లో జపాన్‌లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద వచ్చింది, ఇంగ్లీషులో నింటెండో ఇవ్వనేలేదు. అభిమానులే కూర్చుని అనువదించి 2008 అక్టోబరులో ప్యాచ్ వదిలారు. ఆ పని నడిపించిన క్లైడ్ మాండెలిన్ వృత్తిరీత్యా అనువాదకుడే. మా అనువాదం ఉచితంగా ఇచ్చేస్తాం, వాడుకోండి అని తర్వాత నింటెండోకి బహిరంగంగా చెప్పాడు కూడా. వాళ్ళు తీసుకోలేదు. ప్యాచ్ మాత్రం ఇన్నేళ్ళుగా అలాగే ఉంది. వాళ్ళు అనుమతి కోసం ఎదురుచూసి ఉంటే జపనీస్ రాని ఒక తరం మొత్తానికి ఆ గేమ్ లేనట్టే.

నీది కూడా అంతే. ఏ కంపెనీ వచ్చి తెలుగులో ఇస్తుంది చెప్పు? పది కోట్ల దాకా ఉన్నాం, మెనూలో మన భాష పేరు కనిపించడమే గగనం. నువ్వు ఎవరి మార్కెట్టూ లాక్కోవట్లేదు, ఆ మార్కెట్టే ఇంకా లేదు.

స్టూడియో_నైట్‌షిఫ్ట్

క్యాసెట్ గారూ, నేను ఒప్పుకోను, కాస్త పెద్దగా రాస్తాను, ఏమనుకోవద్దు.

హైదరాబాద్‌లో గేమ్ ఆర్ట్ పని చేస్తాను, ఎనిమిదేళ్ళయింది. పగలు వేరేవాళ్ళ గేములకి తలుపులూ చెట్లూ తుపాకులూ గీస్తాం, రాత్రిళ్ళు మేం నలుగురం కలిసి మూడేళ్ళు కష్టపడి సొంతంగా ఒక చిన్న మొబైల్ గేమ్ చేశాం. అందులో పాప భుజాన ఒక సంచి ఉంటుంది, అది మా అమ్మ రేషన్ షాపుకి తీసుకెళ్ళే సంచి, దాని మీద అతుకుతో సహా అలాగే గీశాను. గేమ్ వచ్చిన నాలుగు నెలలకి ఒకతను మా పాపనీ ఆ సంచినీ యథాతథంగా తీసుకుని ‘ఫ్యాన్ వెర్షన్’ అని రాసి, నిమిషానికో ప్రకటనతో స్టోర్‌లో పెట్టేశాడు. మీ గేమ్‌లో ఇన్ని యాడ్స్ ఏంటండీ అని జనం మమ్మల్ని తిట్టారు. అతన్ని అడిగితే, మీ గేమ్ అంటే ప్రాణం, అందుకే చేశాను అన్నాడు. నిజంగానే ప్రాణం అయ్యుండొచ్చు, నేను కాదనను. కానీ ఒక్క మెయిల్ పెట్టి ఉంటే మా అమ్మ సంచి అలా ఊరి మీద పడేది కాదు.

ఒత్తు_పొల్లు తమ్ముడు అలాంటివాడు కాదు, తెలుస్తూనే ఉంది. కానీ అడగకూడదు అన్న పద్ధతి నేర్పిస్తే అది అందరికీ పనికొస్తుంది, మా గేమ్‌కి యాడ్స్ పెట్టినవాడికీ పనికొస్తుంది. ఇంకో మాట, మీరంతా కంపెనీ అనగానే నింటెండోని ఊహించుకుంటున్నారు. ఇండీ గేమ్ అంటే అటువైపు ఇద్దరో ముగ్గురో ఉంటారు, మెయిల్ వాళ్ళే చదువుతారు.

మొల్ల_వీరాభిమాని

వాల్మీకి రాసిన కథను ఎంతమంది తిరిగి రాశారు, మొల్ల రాసింది, రంగనాథ రామాయణం వచ్చింది, పల్లెల్లో ఆడవాళ్ళు పాటలు కట్టుకున్నారు. నచ్చిన కథను మన నోటితో మళ్ళీ చెప్పుకోవడం మన రక్తంలో ఉంది. దీనికి అనుమతి ఏమిటి అసలు?

స్టూడియో_నైట్‌షిఫ్ట్

వాల్మీకి కథ అందరి సొత్తు అండీ. పైగా మొల్ల తన పద్యాలు తాను రాసుకుంది. ఇక్కడ మాట్లాడుతున్నది బతికున్న మనిషి నిన్న గీసిన బొమ్మ, దాని మీద అద్దె కట్టుకుంటున్నాడు. రెండూ ఒకటి కావు.

లా_ఫైనలియర్

చట్టం వైపు నుంచి కొంచెం చెప్తాను, ఎందుకంటే పైన ‘ఇంతవరకూ ఎవరూ ఆపలేదు’ అన్నదీ ‘హక్కు ఉంది’ అన్నదీ కలిసిపోతున్నాయి.

మన 1957 కాపీరైట్ చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం ఒక రచనను అనువదించే హక్కు యజమానిదే. గేమ్‌లో డైలాగులు కూడా రచన కిందికే వస్తాయి. ప్యాచ్ ఫైల్‌లో అసలు గేమ్ లేదు, తేడాలు మాత్రమే ఉన్నాయి, ఆడాలంటే గేమ్ కొనాల్సిందే అన్న వాదన నాకు తెలుసు. అది మంచి పద్ధతే, పూర్తి గేమ్ పంచిపెట్టడం కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ ఆ తేడాల్లోనే మీరు అనువదించిన ప్రతి వాక్యం ఉంటుంది కదా. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన అది ఉల్లంఘన కాకుండా పోదు. 52వ సెక్షన్‌లో సొంత వాడకం లాంటి మినహాయింపులు ఉన్నాయి, చెల్లికి ఇవ్వడం అక్కడ వాదించుకోవచ్చు. నెట్‌లో అందరికీ పెట్టడం దాని కింద నిలబడదని నా అభిప్రాయం.

కాబట్టి అడగండి. రాతపూర్వకంగా సరే అన్న ఒక్క మెయిల్ ఉంటే ఈ చర్చే అక్కర్లేదు.

పాత_క్యాసెట్

చట్టం మీరు చెప్పినట్టే ఉండొచ్చు అమ్మా, కాదనను. కానీ చట్టం పక్కాగా పాటించి ఉంటే ఈరోజు మనం ఆడే సగం గేములు పుట్టేవి కాదు. కౌంటర్-స్ట్రైక్ 1999లో హాఫ్-లైఫ్ అనే గేమ్‌కి ఇద్దరు కుర్రాళ్ళు చేసిన మోడ్, అంటే ఉన్న గేమ్‌నే మార్చి చేసింది. డోటా కూడా వార్‌క్రాఫ్ట్ 3 అనే గేమ్‌లో అభిమానులు కట్టిన మ్యాప్. మా ఊరి నెట్ సెంటర్‌లో గంటకి పది రూపాయలిచ్చి కౌంటర్-స్ట్రైక్ ఆడినప్పుడు అది ఎవరో అభిమానంతో చేసిందని మాకు తెలియనే తెలియదు.

లా_ఫైనలియర్

అన్నా, మీ ఉదాహరణలు నా వైపే ఉన్నాయి. హాఫ్-లైఫ్ చేసిన వాల్వ్ మోడ్లు చేసుకోమని పరికరాలు తనే ఇచ్చింది, వార్‌క్రాఫ్ట్ 3తో మ్యాప్ ఎడిటర్ డబ్బాలోనే వచ్చింది. తలుపు తీసి ఉన్న ఇంట్లోకి వెళ్ళారు వాళ్ళు.

సేవ్_పాయింట్

అందరూ అడగాలా వద్దా దగ్గరే ఆగిపోయారు. నాకు దాని కన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: రేపు నోటీసు వస్తే నీ చేతిలో ఏం మిగులుతుంది?

ఏఎమ్2ఆర్ అని ఒక అభిమాని చేసిన రీమేక్ గురించి చెప్పకుండా ఈ మాట పూర్తి కాదు. మెట్రాయిడ్ 2 అని 1991 నాటి గేమ్ బాయ్ గేమ్ ఉంది. అర్జెంటీనాకి చెందిన మిల్టన్ గ్వాస్తి దాన్ని దాదాపు పదేళ్ళు కూర్చుని మొదటి నుంచీ మళ్ళీ కట్టాడు, రంగులు, మ్యాపు, సంగీతం అన్నీ. 2016 ఆగస్టు 6న, మెట్రాయిడ్ పుట్టి 30 ఏళ్ళు నిండిన రోజున, ఉచితంగా వదిలాడు. కొద్ది రోజులకే నింటెండో నోటీసులతో లింకులు పోయాయి. మరుసటి ఏడాది నింటెండోనే అదే గేమ్‌కి తన రీమేక్ 3డిఎస్ అనే తన గేమ్ మెషీన్ మీద తెచ్చింది. నేను ఆ వార్త చదివిన రాత్రి నిద్రపోలేదు, పదేళ్ళు అంటే ఒక పిల్లాడు పుట్టి అయిదో తరగతికి వచ్చేంత కాలం. ఆ 2016 ఆగస్టులోనే పోకెమాన్ యురేనియం అని అభిమానులు చేసిన ఇంకో గేమ్ కూడా ఆగిపోయింది, దాని వెనక తొమ్మిదేళ్ళ పని.

అయితే గ్వాస్తి కథ అక్కడితో అయిపోలేదు. ఆ పని చూసే మూన్ స్టూడియోస్ అనే గేమ్ కంపెనీ అతన్ని తీసుకుంది, వాళ్ళ ఓరి గేమ్ రెండో భాగానికి లెవెల్స్ చేశాడు. పోయింది మెట్రాయిడ్ నాయిక సేమస్, ఆమె ప్రపంచం, అవి అతనివి కావు. గదులు ఎలా అమర్చాలో తెలిసిన చెయ్యి అతనిది, అది ఎవరూ తీసేయించలేకపోయారు.

ఇంకా మంచి ఉదాహరణ బ్లడ్‌బోర్న్ కార్ట్. సోనీ గేమ్ బ్లడ్‌బోర్న్ పాత్రలతో అభిమానులు చిన్న బళ్ళ రేసింగ్ గేమ్ చేశారు, 2024 జనవరిలో విడుదల అనగా సోనీ నుంచి పిలుపు వచ్చింది. వాళ్ళు గొడవ పడలేదు, మానేయలేదు కూడా. పేర్లూ పాత్రలూ మార్చి, నైట్‌మేర్ కార్ట్ అని అదే ఏడాది మే 31న వదిలారు. ట్రాకులు వాళ్ళవి, బళ్ళు నడిచే తీరు వాళ్ళది, అందుకే మార్చగలిగారు.

ఇప్పుడు నీ పని చూడు తమ్ముడూ. వాక్యాలు వాళ్ళ కథ మీద నిలబడ్డాయి, కాబట్టి సగం వాళ్ళవే. ఆ 1,100 అక్షరాల షీట్ పూర్తిగా నీది. రెండిటినీ ఒకే జిప్‌లో పెట్టకు. అక్షరాలనీ, వాటిని గేమ్‌లోకి ఎక్కించే స్క్రిప్టునీ (ఆ చిన్న ప్రోగ్రామ్‌ని) ఈరోజే విడిగా అందరికీ ఇచ్చెయ్. దానికి ఎవరినీ అడగక్కర్లేదు. అనువాదానికి మాత్రం మెయిల్ పెట్టు.

డల్లాస్_తెలుగోడు

మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. ఆదివారం తెలుగు బడికి వెళ్ళమంటే ముఖం వేలాడేస్తారు. ఇలాంటి గేమ్ ఉంటే వాళ్ళే కూడబలుక్కుని చదువుతారు, నాకు నమ్మకం. అందుకే అంటున్నా, దీనికి నెలకి ఇంత అని చందా పెట్టు, నాతో పాటు ఇంకో పది కుటుంబాలు ఇస్తాయి. రెండేళ్ళ కష్టం ఊరికే ఎందుకు ఇవ్వాలి?

పాత_క్యాసెట్

బాబాయ్, మీ మనసు మంచిదే కానీ డబ్బు మాట వద్దు. ఈ ఒక్క విషయంలో నేనూ నైట్‌షిఫ్ట్ గారి వైపే. రూపాయి తీసుకున్న క్షణం నుంచి ‘ఎవరి మార్కెట్టూ లాక్కోలేదు’ అన్న నా వాదన చచ్చిపోతుంది. 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ అనే గేమ్ మోడ్లకి స్టీమ్‌లో, అంటే వాల్వ్ ఆన్‌లైన్ గేమ్ షాపులో, ధర పెట్టారు గుర్తుందా, కంపెనీలే ఒప్పుకుని పెట్టాయి, చేసినవాడికి 25 శాతం. అయినా నాలుగైదు రోజుల్లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అప్పటిదాకా ఒకరి పని ఒకరు వాడుకుంటూ కలిసి చేసుకున్నవాళ్ళు, ఇందులో నా ముక్క ఉంది, నా వాటా ఏది అని కొట్టుకున్నారు.

స్టూడియో_నైట్‌షిఫ్ట్

డబ్బు తప్పని నేననను, అడిగి తీసుకుంటే తప్పు లేదు. బ్లాక్ మీసా టీమ్ హాఫ్-లైఫ్‌ని మళ్ళీ కట్టి 2012లో ఉచితంగా ఇచ్చింది, తర్వాత వాల్వ్ అనుమతితోనే స్టీమ్‌లో అమ్మింది, 2020లో పూర్తి చేసింది. దారి ఉంది, అది అడగడంతో మొదలవుతుంది.

తమ్ముడూ, ఒక ముఖ్యమైన ప్రశ్న. ఆ అక్షరాలు చేత్తో గీసినవా, ఏదైనా ఫాంట్ నుంచి తీసినవా? ఫాంట్‌కి కూడా లైసెన్స్ ఉంటుంది.

ఒత్తు_పొల్లు

చేత్తోనే అన్నా. 16 పిక్సెళ్ళ ఎత్తు, ఒత్తులకి కింద ఇంకో 7. మొదట ఒక ఫాంట్‌ని చిన్నది చేసి చూశాను, ‘మ’కీ ‘య’కీ తేడా తెలియలేదు, ‘ఘ’ అయితే నల్లటి మచ్చలా అయిపోయింది. అందుకే ఒక్కొక్కటీ కూర్చుని గీశాను.

నిన్న రాత్రి అందరి మాటలూ మళ్ళీ చదివాను. క్యాసెట్ అన్న అన్నట్టు పెట్టేద్దామనే ఉండింది నిజానికి. కానీ రేషన్ సంచి దగ్గర ఆగిపోయాను. ఆ ముసలావిడ కూడా ఎవరికో అమ్మమ్మ అయ్యుంటుంది కదా అనిపించింది.

పొద్దున డెవలపర్‌కి మెయిల్ పెట్టాను. తెలుగు డైలాగులతో రెండు స్క్రీన్‌షాట్లు, చెల్లి ఫోన్ చేసిన సంగతి, డబ్బు వద్దని, కావాలంటే అనువాదం మొత్తం మీకే ఇచ్చేస్తానని రాశాను. జవాబు వచ్చేదాకా ప్యాచ్ బయటికి రాదు, వద్దంటే చెల్లి దగ్గరే ఉంటుంది. ఫాంట్ షీట్, ఎక్కించే స్క్రిప్టు మాత్రం సేవ్_పాయింట్ చెప్పినట్టు ఇప్పుడే పెట్టేశాను, ఎవరైనా ఏ గేమ్‌కైనా వాడుకోవచ్చు, నా పేరు కూడా వేయక్కర్లేదు.

పాత_క్యాసెట్

వద్దంటారనే నా భయం. వద్దంటే మాత్రం మళ్ళీ వచ్చి వాదిస్తా, చెప్తున్నా. షీట్ డౌన్‌లోడ్ చేశాను, ‘ఱ’ కూడా పెట్టావు, సంతోషం.

స్టూడియో_నైట్‌షిఫ్ట్

షీట్ చూశాను, ‘క్ష్మి’ చాలా బాగా కుదిరింది. మా రెండో గేమ్ సముద్రం పక్క ఊళ్ళో జరుగుతుంది, తెలుగులోనే చేద్దామని ఎప్పటి నుంచో ఉంది, అక్షరాల దగ్గరే ఆగిపోయాం. ఇది వాడుకుంటాం, నీ పేరు తప్పకుండా వేస్తాం. ఒకటే, ‘త్స్య’ లేదు. మాకు మత్స్యకారులు కావాలి.

ఒత్తు_పొల్లు

అయ్యో, మా కథలో చేపలు పట్టేవాళ్ళు లేరన్నా, అందుకే రాలేదు. గీస్తున్నా, త్స్య, త్స్యా రెండూ రాత్రికి పెడతాను. ఇంకేమైనా కావాలంటే ఇక్కడే రాసేయండి.